ఉరి తీసినవాడి పుస్తకం, పొగిడేవాళ్ళ పోస్టర్: ఒమర్ అల్-ముఖ్తార్ గురించి రాయడం

(అనువాదకులు, విలేఖరుల కోసం జరిగిన ఒక వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా స్వల్పంగా సవరించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసదాకా వినపడుతోందా? సరే.

నాకిచ్చిన అంశం "వలస పాలనను ఎదిరించిన నాయకుల గురించి రాయడం: వాస్తవం, పక్షపాతం". అంత పెద్ద అంశాన్ని ముప్పావు గంటలో నేను మొయ్యలేను. ఒక్క మనిషిని పట్టుకుంటాను. లిబియాలో ఇటలీ మీద పోరాడిన ఒమర్ అల్-ముఖ్తార్. మీలో కొందరు సినిమా చూసే ఉంటారు. లిబియాలో నర్సులుగా, అధ్యాపకులుగా పనిచేసి వచ్చిన మనవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉంటే అడగండి, పది దినార్ల నోటు మీద తెల్ల గడ్డం పెద్దాయన గుర్తున్నాడా అని. ఆయనే.

ముందు నాలుగు ముక్కల్లో కథ. తూర్పు లిబియాని సిరెనైకా అంటారు. అక్కడ తోబ్రూక్ దగ్గర పుట్టాడు. ఏ ఏడాది అంటే కొందరు 1858 అంటారు, కొందరు 1862 అంటారు. జగ్‌బూబ్ అనే ఎడారి ఊళ్ళో సనూసీ సూఫీ సంప్రదాయపు విద్యాపీఠంలో చదివాడు. పిల్లలకి ఖురాన్ చెప్పాడు. 1911లో ఇటలీ లిబియా మీద పడింది. 1923 నుంచి 1931 దాకా సిరెనైకా కొండల్లో జరిగిన గెరిల్లా యుద్ధాన్ని ముందుండి నడిపింది ఈయన. 1931 సెప్టెంబర్ 11న గాయపడిన గుర్రం కింద పడి దొరికిపోయాడు. 15న విచారణ, 16న ఉరి. పట్టుకోవడానికి, చంపడానికి మధ్య ఐదు రోజులు.

ఇక్కడితో కథ అయిపోయింది. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఈ నాలుగు ముక్కలు మనకెలా తెలుసు?

చాలావరకు రొడోల్ఫో గ్రాజియానీ వల్ల తెలుసు. 1930లో సిరెనైకాకి ఉప గవర్నరుగా వచ్చిన సైనికాధికారి. ముఖ్తార్‌ని ఉరి తీయించినవాడు. మరుసటి ఏడాదే, 1932లో, ఆ ప్రాంతాన్ని తానెలా "శాంతింపజేశాడో" చెబుతూ పెద్ద పుస్తకం అచ్చేశాడు. ముఖ్తార్ మొహం ఎలా ఉండేది, బందీగా ఎదురుగా నిలబడినప్పుడు ఏం మాట్లాడాడు, చేతులు ఎలా ఉన్నాయి, ఇవన్నీ మనకి అందులోంచే వచ్చాయి. సెప్టెంబర్ 15 పొద్దున బెంఘాజీలో వాళ్ళిద్దరి మధ్య జరిగిన సంభాషణకి గ్రాజియానీ రాసిందే ఆధారం. రెండో వైపు నుంచి చెప్పడానికి ముఖ్తార్‌కి ఇంకొక్క రోజే మిగిలింది.

నేను ముఖ్తార్‌ని "ఆయన" అంటున్నాను, గ్రాజియానీని "అతను" అంటున్నాను, గమనించే ఉంటారు. అదీ పక్షమే. దాన్ని దాచుకోను. (నవ్వులు)

ఇప్పుడు విచిత్రం చూడండి. గ్రాజియానీ తిట్టలేదు. పొగిడాడు. తెలివైనవాడు, మతవిద్యలో దిట్ట, పట్టుదల మనిషి, అంత పెద్ద స్థానంలో ఉండి కూడా పేదగానే బతికాడు అని రాశాడు. అరబ్బు పత్రికల నుంచి మన వాట్సాప్ దాకా ఈ పేరాని అందరూ ఎత్తి చూపిస్తారు: "చూశారా, శత్రువు కూడా మెచ్చుకున్నాడు!" నేను అడిగేదేమిటంటే, శత్రువు ఎందుకు మెచ్చుకున్నాడు? కొండల్లో మిగిలిన కొన్ని వందల మంది ఆకలి గెరిల్లాల మీద విమానాలు, కవచ వాహనాలు పెట్టి గెలిచాను అని రాసుకుంటే జనరల్ పరువేం పెరుగుతుంది? మహాయోధుణ్ణి ఓడించాను అంటే పెరుగుతుంది. ఆ పొగడ్తలో ఇంకో పని కూడా ఉంది. తిరుగుబాటు మొత్తాన్ని ఒక్క అసాధారణ మనిషి మెడకి చుట్టేస్తే, ఆ మెడకి ఉరి వేస్తే సరిపోయింది. మిగతా జనం అమాయకులు, ఇతను రెచ్చగొట్టాడు, ఇతను పోయాడు, శాంతి వచ్చింది. పరిపాలన ఫైలుకి ఇంతకంటే సుఖమైన కథ లేదు.

కళ్ళజోడు సంగతి చెబుతాను. 1930లో ఒక పోరులో ముఖ్తార్ కళ్ళజోడు జారిపోయి ఇటాలియన్ల చేతికి చిక్కింది. వెండి ఫ్రేము. ఇవాళ కళ్ళజోడు దొరికింది, రేపు తల దొరుకుతుంది అన్నానని గ్రాజియానీ చెప్పుకున్నాడు. ఇది అతని మాటే, అతని పుస్తకంలోదే. యాభై ఏళ్ళ తర్వాత సినిమా వచ్చింది, 1981లో, "లయన్ ఆఫ్ ది డెజర్ట్". ఆంథొనీ క్విన్ ముఖ్తార్. చివర్లో ఉరి పడ్డాక కింద పడిన కళ్ళజోడుని ఒక చిన్న పిల్లాడు తీసుకుంటాడు. మంచి సన్నివేశం, కళ్ళు చెమరుస్తాయి. దర్శకుడి కల్పన. అందులో తప్పేమీ లేదు, సినిమా పని అది. కానీ ఉరి రోజు "కళ్ళ ముందు" జరిగినట్టుగా ఆ పిల్లాణ్ణి వ్యాసాల్లో ఎక్కించేశారు. తలమీద జెండా ఎగరేసుకోవాలనుకున్న అధికారి గొప్పల్లోంచి పుట్టిన వస్తువు, అభిమానుల చేతికొచ్చి తరాల వారసత్వానికి గుర్తయి కూర్చుంది. మధ్యలో ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పకపోతే చదివేవాడికి రెండూ ఒకే నేల మీద నిలబడి కనిపిస్తాయి.

మాటల సంగతీ అంతే. "మేము లొంగం, గెలుస్తాం లేదా చస్తాం." "వాళ్ళు మన గురువులు కారు." రెండూ సినిమా సంభాషణలు. మొదటిది గ్రాజియానీ ఎదుట క్విన్ చెబుతాడు, రెండోది పట్టుబడిన ఇటాలియన్ అధికారిని చంపొద్దని ఆపేటప్పుడు చెబుతాడు. ఇవి ముఖ్తార్ నోట్లోంచి వచ్చినట్టు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, కింద ఆయన ఫొటో పెట్టి, దానికింద 1931 అని వేస్తారు. కొన్నిసార్లు ఆ ఫొటో కూడా క్విన్‌దే! (నవ్వులు) నవ్వకండి, అచ్చయిన పుస్తకాల అట్టల మీద కూడా ఇది జరుగుతుంది. వాడుకోవాలనుకుంటే వాడుకోండి. "1981 సినిమాలో ముఖ్తార్ పాత్ర అనే మాట" అని ఒక్క వాక్యం కలపండి. రాసినవాడికి పోయేదేమీ లేదు.

ఆ సినిమాకి డబ్బు పెట్టింది అప్పటి లిబియా పాలకుడు గద్దాఫీ ప్రభుత్వం, మూడున్నర కోట్ల డాలర్లు. తమ సైన్యం గౌరవానికి భంగం అంటూ 1982లో ఇటలీ దాన్ని అడ్డుకుంది. 2009లో గద్దాఫీ రోమ్‌లో విమానం దిగినప్పుడు, సంకెళ్ళతో ఇటాలియన్ అధికారుల మధ్య నిలబడ్డ ముఖ్తార్ ఫొటోని రొమ్ము మీద పిన్ను పెట్టుకుని దిగాడు. ముసలివాడైన ముఖ్తార్ కొడుకుని కూడా వెంట తీసుకొచ్చాడు. ఆ రోజుల్లోనే అక్కడి టీవీలో సినిమా వేశారు. ఇదంతా చదివితే గద్దాఫీ అంత భక్తుడు ఇంకొకడు లేడనిపిస్తుంది. మరి బెంఘాజీ నగరం నడుమ ఉండే ముఖ్తార్ సమాధిని 1980లో, అంటే ఆ సినిమా తయారవుతున్న రోజుల్లోనే, ఊరికి దూరంగా సొలూక్‌కి ఎందుకు తరలించినట్టు?

ఎందుకంటే ఆ సమాధి ఒక్క ముఖ్తార్‌ది కాదు. దాని వెనక సనూసీలున్నారు. నేను ఇవాళ చెప్పదలుచుకున్నదంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సనూసీ అనేది పందొమ్మిదో శతాబ్దంలో పుట్టిన సూఫీ వ్యవస్థ. ఎడారి దారుల పొడుగునా జావియాలు కట్టుకుంటూ వెళ్ళింది. జావియా అంటే మసీదు, బడి, సత్రం, పంచాయతీ, ధాన్యపు కొట్టు అన్నీ ఒకచోట. రెండు తెగలు కొట్టుకుంటే మధ్యవర్తి జావియా షేక్. ముఖ్తార్ అలాంటి షేక్, అల్-ఖుసూర్ జావియాకి. ఆయన పుట్టిన మ్నీఫా తెగ అక్కడి పెద్ద కులీన తెగల్లోది కాదు, వాటిని ఆశ్రయించుకుని ఉండే తెగ. ఇప్పుడు చెప్పండి, "గిరిజన నాయకుడు", "తెగ పెద్ద" అని ఆయన్ని రాస్తే ఎంత తప్పు? తెగ పెద్ద కాకపోవడం వల్లే అన్ని తెగలూ ఆయన మాట విన్నాయి. ఏ ఒక్క తెగ గెలుపూ ఆయన గెలుపు కాదు. తెగల బలగాలని దళాలుగా కూర్చి, ఒక్కో దళానికి ఒక్కో తెగ నుంచి మనుషులు, గుర్రాలు, జకాత్ కింద, అంటే మతం విధించిన దానం కింద, ధాన్యం, పశువులు వచ్చేట్టు చేసి, ఈజిప్టు సరిహద్దు మీదుగా సరుకు తెప్పించి ఎనిమిదేళ్ళు నడిపారు. పగలు ఇటలీ పాలన, రాత్రి వీళ్ళ పాలన. లొంగిపోయినట్టు కాగితం మీద ఉన్న ఊళ్ళే రాత్రిపూట పన్ను కట్టేవి.

గద్దాఫీకి ఇది చెప్పడం ఇబ్బంది. అతను 1969లో కూలదోసిన రాజు ఇద్రీస్, సనూసీ వంశపు అధిపతి. ముఖ్తార్ పోరాడింది ఆ ఇద్రీస్ ప్రతినిధిగా. కాబట్టి గద్దాఫీ లిబియాలో ముఖ్తార్ ఉంటాడు, సనూసీ ఉండదు. నోటు మీద బొమ్మ ఉంటుంది, బొమ్మ వెనక సంస్థ ఉండదు. గ్రాజియానీ శత్రువుగా ఆయన్ని ఒంటరిని చేశాడు, గద్దాఫీ భక్తుడిగా అదే పని చేశాడు. మనం పక్షపాతం అనగానే తిట్టేవాళ్ళ కోసం వెతుకుతాం. ఇక్కడ ఉరి తీసినవాడూ పూజించినవాడూ, ఇద్దరూ పొగుడుతూనే ఒకే చోట కత్తెర పెట్టారు.

దీనికి ఇంగ్లీషు విరుగుడు ఉందనుకునేవాళ్ళున్నారు. సనూసీ మీద 1949లో ఒక పేరున్న బ్రిటిష్ మానవశాస్త్రవేత్త, ఇవాన్స్-ప్రిచర్డ్, గొప్ప అధ్యయనం రాశాడు. తెగల గురించి, జావియాల గురించి నేనిప్పుడు చెప్పినదాంట్లో చాలా భాగం అక్కడిదే. అయితే ఆయన యుద్ధకాలంలో సిరెనైకాలో బ్రిటిష్ సైనిక పాలనలో రాజకీయాధికారి. అప్పుడు బ్రిటన్‌కి ఇద్రీస్ మిత్రుడు. సనూసీని ముందుకు తెచ్చి చూపించడం బ్రిటన్‌కి కలిసొచ్చే విషయం. అందువల్ల పుస్తకం చెడిపోదు. చదివేటప్పుడు ఆ కుర్చీ ఎవరు వేశారో గుర్తుంటే చాలు.

మన దగ్గర కూడా ఈ జబ్బు ఉంది. రంపలో అల్లూరి పక్కన గాం గంటం దొర, మల్లు దొర, రోడ్డు పనికి కూలి ఇవ్వకుండా మన్యం జనాన్ని తోలిన తహసీల్దారు, హక్కులు పోగొట్టుకున్న ముఠాదారులు, వీళ్ళని తీసేస్తే మిగిలేది పోస్టర్. "లిబియా అల్లూరి" అని శీర్షిక పెట్టాలని చెయ్యి లాగుతుంది, నాకు తెలుసు. పెట్టకండి. ఇద్దరినీ ఒకేసారి పోస్టర్ చేసినట్టవుతుంది.

ఇక అసలు ఖాళీకి వస్తాను. ఈ ఒంటరి వీరుడి కథలో అన్నిటికంటే పెద్దగా కనపడకుండా పోయింది జనం.

1930 జూన్ 20న లిబియాలో ఇటలీ గవర్నర్, గ్రాజియానీకి పై అధికారి బదోల్యో, గ్రాజియానీకి ఒక ఉత్తరం రాశాడు. తిరుగుబాటుదారులకీ, లొంగిన ప్రజలకీ మధ్య విశాలమైన ఖాళీ నేల సృష్టించాలన్నాడు. దీనివల్ల లొంగిన ప్రజలు నాశనమైపోతారని నాకు తెలుసు అన్నాడు. అయినా దారి పడింది, సిరెనైకా జనాభా మొత్తం అంతరించినా చివరిదాకా నడవాల్సిందే అన్నాడు. ఇది తర్వాత ఎవరో చేసిన ఆరోపణ కాదు, పాలకుడి సొంత కాగితం. ఆ తర్వాత జబల్ అఖ్దర్, అంటే పచ్చకొండ, ఆ ప్రాంతంలోని దాదాపు లక్ష మందిని పశువులతో సహా వందల కిలోమీటర్లు నడిపించి ఎడారి అంచున ముళ్ళకంచెల శిబిరాల్లో పడేశారు. అల్-అగైలా, సొలూక్, మగ్రూన్, బ్రేగా. ఈజిప్టు సరిహద్దు పొడుగునా 270 కిలోమీటర్ల ముళ్ళ కంచె వేశారు. 1931 జనవరిలో ఎడారి లోపల సనూసీల స్థావరమైన కుఫ్రాని పట్టుకున్నారు. ముఖ్తార్ దొరికేనాటికి ఆయనకి తిండి పెట్టే ఊరు లేదు, కబురు చెప్పే కాపరి లేడు. ఉరి తర్వాత నాలుగు నెలలకే, 1932 జనవరిలో, యుద్ధం ముగిసిందని బదోల్యో ప్రకటించాడు. నాయకుడు పోవడం వల్ల ఉద్యమం పోయిందని రాసేవాళ్ళు ఆ కంచెని కూడా కొలిచి రాయాలి.

ఉరి తీసింది ఎక్కడ? సొలూక్‌లో. శిబిరం ఉన్న చోట. చూడ్డానికి తోలుకొచ్చిన దాదాపు ఇరవై వేల మంది ఆ బందీ జనమే. ఆ గుంపుని ఫొటోలో వెనకాల మసకగా చూస్తాం, శీర్షికలో మాత్రం ఒక్క పేరే ఉంటుంది.

ఆ మసక గుంపుకి గొంతు లేదా? ఉంది. అల్-అగైలా శిబిరంలో రజబ్ బూహ్వైష్ అనే ఆయన చెప్పిన దీర్ఘ కవిత ఉంది. ముఖ్తార్ తెగవాడే. నాకు వేరే రోగమేమీ లేదు, ఈ అల్-అగైలా తప్ప అన్న పల్లవి మీద నడుస్తుంది. పోయిన బంధువులు, పోయిన గుర్రాలు, ఆడవాళ్ళకి జరిగిన అవమానం, కూలికి తోలడం, వరసపెట్టి చెబుతాడు. తూర్పు లిబియాలో ఇప్పటికీ నోటికి వచ్చినవాళ్ళున్నారు. 1970ల చివర్లో ట్రిపోలీలోని పరిశోధన కేంద్రం ఒకటి టేప్ రికార్డర్లు పట్టుకుని ఊరూరా తిరిగి బతికున్న ముసలివాళ్ళని మాట్లాడించింది. అది గద్దాఫీ కాలపు సంస్థే. అవును, అడిగిన ప్రశ్నల్లో ప్రభుత్వం నీడ ఉంటుంది. అయినా ఆ టేపులు లేకపోతే గ్రాజియానీ పుస్తకం ఒక్కటే మిగిలేది. నన్నడిగితే నేను నీడని భరించి టేపు వింటాను.

విచారణ గురించి ఒక్క విషయం చెప్పి ప్రశ్నలకి వస్తాను. బెంఘాజీలో ఫాసిస్టు పార్టీ భవనంలో సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టి గంటంబావులో ముగించారు. తేల్చాల్సిన ప్రశ్న ఒకటే: ఈయన ఇటలీ ప్రజ అయి ఉండి తిరగబడ్డాడా, లేక యుద్ధంలో చిక్కిన శత్రువా? మొదటిదైతే ఉరి, రెండోదైతే యుద్ధఖైదీ. దీనికోసం 1929 సంగతి లాగారు. ఆ ఏడాది జూన్‌లో సీదీ రహూమా దగ్గర ముఖ్తార్, బదోల్యో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడారు. ఇటలీ పత్రికలు దాన్ని లొంగుబాటు అని రాశాయి. ముఖ్తార్ ఈజిప్టు పత్రికలకి ఉత్తరం పంపి, అది సంధి కోసం విరామం, మాట తప్పింది ఇటలీయే అన్నాడు. నవంబర్‌లో పోరు మళ్ళీ మొదలైంది. ఒకే సమావేశం, ఒక పక్క దానికి పెట్టిన పేరు ఉరికి సాక్ష్యమైంది. ప్రభుత్వం తరఫునే నియమించిన లొంతానో అనే కెప్టెన్, ముఖ్తార్ పక్షాన నిజంగానే వాదించాడు. మరీ సానుభూతి చూపాడని అతనికి శిక్ష వేశారు. ఇతని గురించి మన రాతల్లో ఎక్కడా రాదు. మంచి ఇటాలియన్ ఒకడు వస్తే కథ బలహీనపడుతుందని భయం. అలాగే ముఖ్తార్‌ని పట్టుకున్న గుర్రపు దళంలో ఉన్నది లిబియన్లేనని కూడా రాదు. ఇటలీ కింద జీతానికి పోరాడిన లిబియన్లు, ఎరిత్రియన్లు వేలల్లో ఉన్నారు. ఇవి రాస్తే ఆయన తగ్గడు. ఎంత చీలిపోయిన దేశంలో ఎనిమిదేళ్ళు నిలబెట్టాడో అర్థమవుతుంది.

ఊరి పేర్ల దగ్గర జాగ్రత్త. బార్చే, అల్-మర్జ్ ఒకే ఊరు. అపొల్లోనియా, సూసా ఒకటే. ఇటాలియన్ ఆధారంలోంచి ఒకటి, అరబ్బీ ఆధారంలోంచి ఒకటి తెచ్చుకుని తెలుగులో రెండు ఊళ్ళు చేసినవాళ్ళున్నారు.

చెప్పండి, ఎవరైనా ప్రశ్నలు?

(సభలోంచి: శిబిరాల్లో ఎంతమంది చనిపోయారు సార్? ఒక్కోచోట ఒక్కో అంకె ఉంది.)

మంచి ప్రశ్న. ఇటాలియన్ చరిత్రకారుడు జార్జో రొషా పాలనా లెక్కలు కూడి తీసి, కనీసం నలభై వేలు అన్నాడు. లిబియన్ పరిశోధకుడు అలీ అబ్దుల్లతీఫ్ అహ్మిదా, మౌఖిక సాక్ష్యాలు కలుపుకుని అరవై, డెబ్బై వేలు అంటాడు. రాజకీయ సభల్లో ఇంకా పెద్ద అంకెలు వినిపిస్తాయి. మీరు "వేలాది మంది" అని దాటేయకండి, పెద్ద అంకె బాగుందని ఎత్తుకోకండి. ఇద్దరి పేర్లూ, ఇద్దరి అంకెలూ, ఎలా లెక్కించారో ఒక ముక్క రాయండి. జాగా లేదని ఎడిటర్ అంటే, విశేషణాలు నాలుగు కొట్టేయండి, జాగా వస్తుంది.

(మరొకరు: గ్రాజియానీకి శిక్ష పడిందా?)

పడింది. 1950లో, పందొమ్మిదేళ్ళు. కానీ లిబియాకి కాదు, రెండో ప్రపంచయుద్ధం చివర్లో నాజీలతో కలిసినందుకు. కొన్ని నెలల్లోనే బయటికొచ్చాడు. 2012లో అఫీలే అనే ఊళ్ళో అతనికి స్మారకం కూడా కట్టారు, ప్రజాధనంతో. దాని మీద ఇటలీలోనే గొడవయింది, కేసులు నడిచాయి. లిబియా శిబిరాల మీద మాత్రం అతన్ని ఏ కోర్టూ ఏనాడూ ప్రశ్నించలేదు.